కంటపడిన చిరుత



సికింద్రాబాద్‌లోని మా సీతాఫల్‌మండిలో మొన్నొక సాయంత్రం, గల్లీలో క్రికెట్ ఆడుకునే పిల్లల మధ్య పెద్ద పంచాయితీ నడిచింది. పులికీ గొరిల్లాకీ కొట్లాట పెడితే ఎవరు గెలుస్తారని. ఫోన్‌లో ఏదో వీడియో చూశారట. ఒక్కడు గొరిల్లా పక్షం, మిగతా జట్టంతా పులి పక్షం. దారిన పోతున్న నన్ను ఆపి, "అంకుల్, మీరు చెప్పండి" అన్నారు. "ఆ కొట్లాట జరగదురా. పులి ఉండేది ఆసియాలో, గొరిల్లా ఉండేది ఆఫ్రికాలో. ఒకదాని మొహం ఒకటి చూసి ఎరగవు" అన్నాను. జట్టంతా నీరుగారిపోయింది. గొరిల్లా పక్షం పిల్లవాడు మాత్రం వదల్లేదు. "పోనీ, అడవిలో నిజంగా ఎదురుపడేవి ఏవో చెప్పండి" అన్నాడు. అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను కానీ, అది ఓపిగ్గా జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

నిజంగా ఎదురుపడే జంటలు ఉన్నాయి. ఆఫ్రికా అడవుల్లో చిరుతపులికి చింపాంజీలు, గొరిల్లాలు తారసపడతాయి. టాంజానియాలో ఒకచోట సింహానికి చింపాంజీ తారసపడింది. సుమత్రా దీవిలో పులి ఉంది, ఒరాంగుటాన్ కూడా ఉంది. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ ఇవన్నీ తోకలేని వానరాలు. మన దేశానికి వస్తే తోకలేని వానరం ఒక్క హూలాక్ గిబ్బన్ మాత్రమే. అది ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉంటుంది. అస్సాంలో జోర్హాట్ దగ్గర హొల్లోంగాపార్ అని గిబ్బన్ల కోసమే పేరుపడ్డ అభయారణ్యం ఉంది. చిన్నది, 21 చదరపు కిలోమీటర్ల లోపు. దాని మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి. ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూతతో నిద్రలేచే మా పేటవాళ్లకు రైలు పట్టా దాటడం ఒక విషయమే కాదు. గిబ్బన్‌కు మాత్రం అది సముద్రమంత. కొమ్మనుంచి కొమ్మకు చేతులతో ఊగుతూ బతికే ప్రాణి అది. నేలమీద కాలు పెట్టడానికి చచ్చేంత వెనకాడుతుంది. అందుకే పట్టాలకు అటువైపు గిబ్బన్లు అటే, ఇటువైపువి ఇటే ఉండిపోయాయి.

తెలుగు నేలమీద తోకలేని వానరం లేదు. మన దగ్గర కథంతా చిరుతకూ, తోకున్న బంధువులకూ మధ్య నడుస్తుంది. అంటే కొండముచ్చులు, కోతులు. నల్లమల అందుకు సరైన చోటు. కృష్ణకు అటువైపు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం, ఇటువైపు మన తెలంగాణలో 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన అమ్రాబాద్. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు దాటాక రోడ్డు పక్కన కార్ల కోసం ఎదురుచూస్తూ కూర్చునే కోతుల్ని మీరంతా చూసే ఉంటారు. అవి రోడ్డుకు అలవాటుపడ్డ కోతులు. నేను చెప్పేది లోపలి అడవి సంగతి.

లోపల, పొద్దెక్కకముందు, ఒక నల్లమద్ది చెట్టుమీద కొండముచ్చుల గుంపు చిగుళ్లు తింటూ ఉంటుంది. నల్లటి మొహాలు, బూడిదరంగు ఒళ్లు, ఒంటికంటే పొడుగు తోకలు. అవి తినేదానికంటే కింద పారేసేదే ఎక్కువ. ఆ రాలిన ఆకులకూ కాయలకూ చెట్టు కిందికి దుప్పులు చేరతాయి. అప్పుడు పైకొమ్మ మీదున్న మగ కొండముచ్చు ఒక్కసారి నిటారుగా లేచి ఒకే దిక్కుకు చూస్తూ, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఖక్... ఖక్‌ఖక్ అని గట్టిగా దగ్గుతుంది. దుప్పులు తలలెత్తి, తోకలు నిక్కబొడిచి, ముందుకాలితో నేలను తడతాయి. ఎక్కడో గడ్డిలో రెండు చెవులు కదిలి ఉంటాయి, అంతే. చెంచు ట్రాకర్లు, ఫారెస్టు సిబ్బంది ఈ దగ్గు విని ఆగిపోతారు. అది వరసగా వస్తోందా, ఒక్కసారి వచ్చి ఆగిపోయిందా, ఎటువైపు జరుగుతోంది అన్నదాన్ని బట్టి చిరుతో పులో ఎటు నడుస్తోందో అంచనా వేస్తారు. కొండముచ్చుకు ఎత్తునుంచి కనబడుతుంది, దుప్పికి వాసన తెలుస్తుంది. మధ్యప్రదేశ్‌లోని కాన్హాలో పాల్ న్యూటన్ అనే పరిశోధకుడు ఈ రెండింటి సావాసాన్ని జాగ్రత్తగా గమనించి 1989లో రాశాడు. కాకపోతే ఈ సావాసంలో కొండముచ్చు కోసం దుప్పి వెళ్లడమే ఎక్కువ. దుప్పి కోసం కొండముచ్చు వెళ్లడం తక్కువ. పెట్టేవాడి ఇంటికే చుట్టాలు పోతారు మరి.

ఆ దగ్గు ఎవరికోసం? గుంపులోని పిల్లలకోసం, ఆడవాళ్లకోసం అని మనం సులభంగా అనేస్తాం. అందులో నిజముంది. కానీ దాన్ని వినాల్సిన అసలు ప్రాణి ఇంకొకటుంది, చిరుత. పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో తాయ్ అనే అడవి ఉంది. అక్కడ డేవిడ్ జెన్నీ, క్లాస్ జుబెర్‌బ్యూలర్ అనే శాస్త్రజ్ఞులు 1990ల్లో చిరుతలకు రేడియో పట్టీలు కట్టి వాటి వెంట తిరిగారు. చిరుత కోతుల గుంపుకు దగ్గరగా వచ్చి పొదలో నక్కుతుంది. గంటలకొద్దీ కదలదు. ఏదో ఒక కోతి చూసి అరుస్తుంది, వెంటనే గుంపంతా అందుకుంటుంది. అప్పుడు చిరుత ఏం చేయాలి? కోతులు పైన ఉన్నాయి, తాను కింద ఉంది, చెట్టెక్కడం వచ్చు కూడా. అయినా అది లేచి వెళ్లిపోయేది. అరుపు మొదలయ్యాక ఆ పొదలో కూర్చోవడం దండగని దానికి తెలుసు. మాటువేసి పట్టే జంతువుకు కంటపడటమంటే ఆట అయిపోయినట్టే.

ఇందులోనే ఇంకో గమ్మత్తుంది. అదే అడవిలో చింపాంజీలు కూడా కోతుల్ని వేటాడి తింటాయి. చింపాంజీల గుంపు వస్తుంటే అవే కోతులు నోరెత్తవు. చప్పుడు లేకుండా ఆకుల్లోకి జారుకుంటాయి. ఎందుకంటే చింపాంజీకి మాటు అక్కర్లేదు. చెట్టుమీద వెంటాడి పట్టగలదు. దాని ముందు అరిస్తే 'ఇదిగో ఇక్కడున్నా' అని చెప్పినట్టవుతుంది. ఎవరి ముందు అరవాలో ఎవరి ముందు మూసుకోవాలో కోతికి అంత స్పష్టంగా తెలుసు. మనకే ఆఫీసుల్లో ఆ తెలివిడి ఆలస్యంగా వస్తుంది.

అయితే ఆ చింపాంజీకి కూడా చిరుత భయం తప్పలేదు. తాయ్‌లోనే క్రిస్టఫ్ బోష్ అనే ఆయన ఏళ్ల తరబడి చింపాంజీల వెంట తిరిగి, చిరుత దాడుల్లో అవి చనిపోవడం, గాయపడటం చూసి 1991లో వివరంగా రాశాడు. ఒకటి చిరుతకు చిక్కి అరిస్తే మిగతావి పారిపోవడానికి బదులు అరుస్తూ అటువైపే పరిగెత్తుతాయి. చిరుతను తరుముతాయి. ఆ తర్వాత గాయపడ్డదాని చుట్టూ చేరి రక్తం నాకి శుభ్రం చేస్తాయి, ఈగలు తోలతాయి, అది నడవగలిగే వేగానికి తమ నడకను తగ్గించుకుంటాయి. మనం కోతి పుండు బ్రహ్మరాక్షసి అంటాం. మన ఇళ్లమీది కోతుల విషయంలో ఆ సామెత నిజమే కావచ్చు. చింపాంజీ పుండుకు మాత్రం నర్సులున్నారు.

అలాగని చింపాంజీని సాధువు అనుకోనక్కర్లేదు. టాంజానియాలోని మహాలే కొండల్లో 1980ల్లో చింపాంజీల గుంపు ఒక చిరుత గుహను చుట్టుముట్టింది. లోపల తల్లి చిరుత గుర్రుమంటూనే ఉంది. అయినా పిల్లను బయటికి లాగి చంపేశాయి. తినడానికి కాదు, తినలేదు కూడా. రేపటి శత్రువును ఇవాళే తీసేశాయా, కోపమా, పిల్లచేష్టా అన్నది చూసినవాళ్లు కూడా తేల్చలేదు. అదే మహాలేలోకి 1989లో సింహాలు వచ్చాయి. అవి విసర్జించిన మలంలో చింపాంజీల వెంట్రుకలు, ఎముకలు, పళ్లు దొరికాయి. కనీసం నాలుగు చింపాంజీల తాలూకు అవి. సింహం చింపాంజీని తింటుందనడానికి దొరికిన మొదటి రుజువు అదే. ఎవరూ పోరాటం చూడలేదు. మలంలో దొరికిన పంటి దగ్గర కథ మొదలై అక్కడే ముగిసింది. అడవి సంగతులు చాలావరకు ఇలాగే తెలుస్తాయి. వీడియోల్లో చూపించేంత తీరిగ్గా ఎవరూ ఎవరితోనూ కొట్లాడరు.

గొరిల్లా సంగతి కూడా ఒక మాట చెప్పాలి, ఆ పిల్లవాడి కోసమైనా. గొరిల్లాల్ని మొదట శ్రద్ధగా పరిశీలించిన జార్జ్ షాలర్ కాలంలోనే ఉగాండాలో ఒక పెద్ద మగ గొరిల్లాను చిరుత చంపిన సంఘటన నమోదయింది. చిరుత కంటే మూడింతల బరువుండే జంతువది. బలాబలాలు చూసుకుంటే లెక్క కుదరదు. చీకట్లో, వెనకనుంచి, మెడమీద పడితే కుదురుతుంది.

ఇప్పుడు మా పేట మిద్దెల మీదికి వద్దాం. ఉస్మానియా యూనివర్సిటీ చెట్లు మాకు దూరం కాదు. అటునుంచి కోతులు నీళ్ల ట్యాంకుల మీదుగా, కేబుల్ వైర్ల మీదుగా వస్తుంటాయి. సీతాఫలాల కాలంలో మరీను. మా ఎదురింటి పెద్దమ్మ వేసవిలో మిద్దెమీద సగ్గుబియ్యం వడియాలు పెట్టుకుంటుంది. కోతులతో విసిగి, ఎవరో చెబితే, సికింద్రాబాద్ జనరల్ బజార్ నుంచి పెద్ద పులి బొమ్మ తెప్పించింది. పసుపురంగు బొచ్చు, నల్ల చారలు, గాజు కళ్లు, బయటికి వేలాడే ఎర్రటి గుడ్డ నాలుక. దాన్ని వడియాల చీర పక్కన పెట్టింది. మొదటిసారి వచ్చిన గుంపు పిట్టగోడ మీదే ఆగిపోయి, పళ్లు బయటపెట్టి కిచకిచలాడి వెనక్కి పోయింది. పెద్దమ్మ గల్లీ అంతా చెప్పుకుంది. తర్వాత ఒక మగకోతి కాస్త దూరంలో కూర్చుని చాలాసేపు బొమ్మనే చూసింది. పక్కకు జరిగి మళ్లీ చూసింది. కొన్ని రోజులకు ఆ నాలుక దాని చేతిలో ఉంది. ఆ తర్వాత బొమ్మ కడుపులోంచి దూది మిద్దెంతా ఎగిరింది. "పులిని కూడా పీక్కుతిన్నయి గదనే" అని పెద్దమ్మ నవ్వలేక ఏడ్వలేక చెప్పింది. బొమ్మను రోజూ చోటు మార్చి ఉంటే ఇంకొన్నాళ్లు పనిచేసేదేమోనని నా అనుమానం. ఎప్పుడూ ఒకేచోట, ఎండలో, అందరికీ కనబడుతూ కూర్చునే పులి ఏం పులి?

నవ్వుకోకండి, శాస్త్రజ్ఞులు చేసిందీ దాదాపు ఇదే. ఉమా రామకృష్ణన్, రిచర్డ్ కాస్ అనేవారు ముదుమలై వంటి దక్షిణాది అడవుల్లో కోతుల ముందు నిలువెత్తు చిరుత బొమ్మను తెరచాటు నుంచి ఒక్కసారిగా చూపించారు. మన దక్షిణాది కోతి తెలుసు కదా, నెత్తిమీద వెంట్రుకలు పాపిడి తీసి టోపీ పెట్టినట్టుండేది, తోక పొడుగ్గా ఉండేది, దానిమీద. పసుపు ఒంటిమీద నల్లమచ్చలున్న బొమ్మను చూడగానే కోతులు అరుస్తూ చెట్లెక్కాయి. అదే ఆకారం ముదురు రంగులో ఉంటే అంత వేగం లేదు. తర్వాత ఇంకో పరీక్షలో బొమ్మను సగం దాచారు. మొహం కనబడకపోయినా, వెనకభాగంలో మచ్చలు కనబడితే చాలు, గుర్తుపట్టాయి. నల్ల చిరుత వెనకభాగం ఒక్కటే చూపిస్తే పెద్దగా పట్టించుకోలేదు. అంటే ఆకుల సందుల్లో చిరుత పూర్తిగా ఎప్పుడూ కనబడదన్న సంగతికి కోతి కన్ను సిద్ధంగా ఉంది. ఓ జానెడు మచ్చల చర్మం కనబడితే మిగతా చిరుతను అదే పూరించుకుంటుంది. ఇవే కోతులు కొండముచ్చు దగ్గు, కడితి అరుపు వినిపించినా చెట్లకేసి పరిగెత్తుతాయని కూడా వాళ్లే రికార్డులు వినిపించి చూశారు. రాత్రిళ్లు ఎత్తైన చెట్లు ఎంచుకుని, కొమ్మల చివర్లలో ఒకదాన్నొకటి పట్టుకుని పడుకుంటాయి. చిరుత బరువుకు ఆ చివర్లు ఆగవు. ఎక్కినా కొమ్మ ఊగి ముందే నిద్రలేపుతుంది.

ఈ భయాన్ని అరువు తెచ్చుకుని రైతులు చేస్తున్న ప్రయోగాలు అన్నీ ఇన్నీ కావు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా రైతు ఒకాయన తన కుక్కకు పులి చారలు వేయించి తోటలో తిప్పాడని 2019లో పేపర్లన్నీ రాశాయి. 2022లో మన సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు, ఎలుగుబంటి వేషం వేసుకుని చేలో తిరగడానికి రోజుకు 500 రూపాయలిచ్చి మనిషినే పెట్టుకున్నాడు. మన పల్లెల్లో పంచాయతీలు కొండముచ్చును తెచ్చి కట్టేయడం మామూలైపోయింది. ఢిల్లీలో కూడా అదే పని చేసేవారు. వన్యప్రాణి చట్టం ప్రకారం అది కుదరదని 2012లో కేంద్రం చెప్పాక, కొండముచ్చుల్లా అరిచే యువకుల్ని 40 మందిని న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ పెట్టుకుంది. ఈ సంగతిని 2014లో పార్లమెంటుకు లిఖితపూర్వకంగా తెలియజేసింది ఎవరనుకున్నారు? అప్పటి పట్టణాభివృద్ధి మంత్రి, మన వెంకయ్యనాయుడు గారే. 2023లో జీ20 సదస్సప్పుడు మనుషుల సంగతి అటుంచి, కొండముచ్చు కటౌట్లు కూడా నిలబెట్టారు. ఆ కటౌట్లను ఢిల్లీ కోతులు ఎన్నాళ్లు ఖాతరు చేశాయో మా పెద్దమ్మను అడిగితే చెబుతుంది.

అసలు కోతికి నేలమీద ఇంత ధైర్యం ఎక్కడిది? ఇక్కడ ఒరాంగుటాన్ కొంత దారి చూపిస్తుంది. ఒరాంగుటాన్లు ఉన్నవి సుమత్రా, బోర్నియో దీవుల్లో. సుమత్రాలో పులి ఉంది. అక్కడి ఒరాంగుటాన్ దాదాపు జీవితమంతా చెట్లమీదే గడుపుతుంది, నేలకు దిగడం అరుదు. బోర్నియోలో ఈ రోజు పులి లేదు. ఉన్నది చిన్నపాటి మబ్బుచిరుత ఒకటే. అక్కడి ఒరాంగుటాన్లు, ముఖ్యంగా బలిసిన మగవి, తీరిగ్గా నేలమీద నడుచుకుంటూ పోతాయి. అడవుల్లో అమర్చిన కెమెరాల్లో ఇవి నడిచిపోతున్న ఫోటోలు చాలా పడ్డాయని 2014లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. కొట్టేసిన అడవుల్లోనే కాదు, చెక్కుచెదరని అడవుల్లో కూడా. పులి ఉందా లేదా అన్నదొక్కటే కారణమని నేననను, తిండి, చెట్ల దట్టదనం కూడా లెక్కలోకి వస్తాయి. అయినా పులి ఉన్న దీవికీ లేని దీవికీ ఇంత తేడా కనబడుతుంటే కళ్లు మూసుకోలేం.

మన ఊళ్లకు ఈ లెక్క ఎంతవరకు సరిపోతుంది? ఊళ్లోకి కోతిని లాగేది ముందుగా తిండి. గుడి మెట్లమీద కొబ్బరిచిప్ప, చెత్తకుప్పలో అన్నం, పొలంలో మక్కజొన్న. కానీ అడవి అంచున తిండికోసం దిగిన కోతి అడుగడుగునా తలెత్తి చూడాలి, ఒకటి తింటుంటే ఒకటి కాపలా కాయాలి. మా గల్లీలో ఆ కాపలా ఖర్చు లేదు. ఇక్కడ కుక్క ఉంది, కర్ర ఉంది, టపాకాయ ఉంది. మాటు వేసేది మాత్రం ఏదీ లేదు. అన్నీ అరుచుకుంటూ ఎదురుగా వచ్చేవే. ఎదురుగా వచ్చేదానితో ఎలా వేగాలో కోతికి పుట్టుకతోనే వచ్చు. దీనికితోడు ఉత్తరాది కోతి, అంటే పొట్టి తోక, ఎర్రబారిన పిరుదులు ఉండే రీసస్ కోతి, దక్షిణానికి జరుగుతూ వస్తోంది. ఒకప్పుడు గోదావరి దాని సరిహద్దు అని పుస్తకాల్లో రాసేవారు. ఇప్పుడది గోదావరిని ఎప్పుడో దాటేసి దక్షిణాది కోతి ఉండే చోట్లను ఆక్రమిస్తోంది. నదిని ఈది దాటిందా, మనం లారీల్లో పట్టుకొచ్చి వదిలామా అంటే, రెండోదానిలో మన చెయ్యి గట్టిగానే ఉంది. ఒక ఊరి కోతుల్ని పట్టి పక్క ఊరి అవతల వదలడం మనకు కొత్త కాదు కదా. నిర్మల్ జిల్లా చించోలిలో 2020 డిసెంబరులో కోతుల పునరావాస కేంద్రం తెరిచి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారు. వదలడం కంటే అది నయమైన దారి. కాకపోతే రాష్ట్రంలోని కోతులన్నింటికీ ఒక్క చించోలి ఎక్కడ సరిపోతుంది?

చిరుత కూడా ఊరికి దూరంగా ఏమీ లేదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్‌లో, మైలార్‌దేవ్‌పల్లి దగ్గర నడిరోడ్డు మీద చిరుత పడుకుని ఉన్న దృశ్యం అందరం టీవీల్లో చూశాం. 2024 ఏప్రిల్ చివర్లో ఒకటి శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకి లోపలికి వచ్చింది. దాన్ని బోనులో పట్టడానికి అటవీశాఖకు ఐదు రోజులు పట్టింది. ఆ తర్వాత దాన్ని నల్లమలలో వదిలారు. అన్ని రోజులు, అన్ని కెమెరాలు, అంతమంది మనుషులు. ఒక్క కొండముచ్చు ఉంటే ఎక్కడుందో పొద్దున్నే దగ్గి చెప్పేది.

మనిషి కూడా ఈ కథలో చూసేవాడు మాత్రమే కాదు. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌క్రాన్స్ గుహలో 15 లక్షల ఏళ్లకు పైబడిన ఒక పుర్రె దొరికింది. మనకు దగ్గరి బంధుజాతికి చెందిన పిల్లవాడిది. పుర్రె వెనకభాగంలో పక్కపక్కనే రెండు గుండ్రటి బెజ్జాలున్నాయి. సి. కె. బ్రెయిన్ అనే శాస్త్రజ్ఞుడు చిరుత కింది దవడను తెచ్చి దానిమీద పెట్టి చూస్తే రెండు కోరలూ ఆ రెండు బెజ్జాల్లో సరిగ్గా కూర్చున్నాయి. అంతకుముందు ఆ గుహల్లో ఎముకల గుట్టలు చూసి మన పూర్వీకులు భయంకరమైన వేటగాళ్లని కథలు అల్లినవారున్నారు. అక్కడ వేటాడింది వేరే, వేటకు బలయింది మనవాళ్లు అని బ్రెయిన్ తేల్చాడు.

తిరుమల మెట్లదారిలో 2023లో జరిగింది గుర్తొస్తే ఆ పుర్రె అంత పాతదిగా అనిపించదు. ఆ జూన్‌లో అలిపిరి దారిలో ఒక బాలుడిని చిరుత పట్టుకుని వదిలేసింది, ప్రాణాలతో బయటపడ్డాడు. ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణాలు పోయాయి. శేషాచలం అడవి ఆ దారికి రెండువైపులా ఉంది. చిరుతకు అది కొత్త చోటు కాదు. తర్వాత బోనులు పెట్టి వరసగా కొన్ని చిరుతల్ని పట్టారు. 12 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు తర్వాత నడకదారిలోకి పంపలేదు. భక్తులు గుంపులుగా నడవాలన్నారు. చేతికో కర్ర కూడా ఇచ్చారు. ఆ కర్రను చూసి సోషల్ మీడియాలో జనం పడీపడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. 1960ల్లో అడ్రియాన్ కోర్ట్‌లాండ్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు, తల ఆడించే చిరుత బొమ్మను చింపాంజీల దారిలో పెట్టి దూరంనుంచి ఫిల్మ్ తీశాడు. గినీ దేశపు మైదానాల్లో ఉండే చింపాంజీలు ఒకదాన్నొకటి హత్తుకుని ధైర్యం చెప్పుకుని, కర్రలు ఏరుకుని, నిటారుగా నిలబడి వచ్చి ఆ బొమ్మను బాదాయి. దట్టమైన అడవిలోని చింపాంజీలు కొమ్మలు ఊపాయి, విసిరాయి కానీ అంత గురిగా కొట్టలేదు. చెట్టు అందుబాటులో లేనివాడికి కర్ర కావాలి. అది చాలా పాత తెలివి.

అయినా నన్నడిగితే అలిపిరిలో కర్రకంటే గుంపు ముఖ్యం, గుంపుకంటే గోల ముఖ్యం. వందమంది ఒక్కసారి గోవిందా అంటే పొదలోని చిరుతకు అందే కబురు, తాయ్ అడవిలో కోతులు పంపే కబురే. చీకటివేళ, ఒంటరిగా, గుంపుకు ముందో వెనకో నడిచే చిన్నపిల్లలకు ఆ రక్షణ ఉండదు. ఇంకోటి, అప్పుడే టీటీడీ మెట్లదారిలో జంతువులకు తిండి పెట్టొద్దని కూడా చెప్పింది. ఈ మాట కర్రంత ప్రచారానికి నోచుకోలేదు. తిండి దొరికేచోట కోతులూ కుక్కలూ చేరతాయి. పిల్లల ఎత్తులో, నేలమీద, తల వంచుకుని తింటూ ఉంటాయి. చిరుత వచ్చేది వాటికోసం. కోతికి పుణ్యం కోసం అరటిపండు అందించే చెయ్యి, తెలియకుండా చిరుతకు కూడా విస్తరి వేస్తోంది. ఈసారి మెట్లదారిన వెళ్లేవాళ్లు సంచిలోని పండ్లు పైకి చేరేదాకా బయటికి తీయకండి. గాలిగోపురం దగ్గర కోతి చెయ్యి చాపినా సరే.